గోడవతలి ఏనుగు

సినిమా హాల్లో పాత కుర్చీలన్నీ పీకేసి కొత్తవి బిగిస్తారట, ఆ పనయ్యేదాకా ఆటలుండవట అని తెలియగానే పాప్‌కార్న్ అక్క లోపల్లోపల ఎగిరి గంతేసింది. పైకి మాత్రం మేనేజరు ముందు మొహం వేలాడేసుకుని, "అయ్యో, ఎన్ని రోజులు పడుతుందో ఏమో పాపం" అంది.

హాల్లో చిరుతిళ్ళ కౌంటరు ఆమెదే. టికెట్లు చింపేవాడి నుంచి మేనేజరు దాకా అందరికీ ఆమె పాప్‌కార్న్ అక్కే. మేనేజరు వయసులో ఆమెకన్నా బాగా పెద్ద. అయినా అక్కా అనే పిలుస్తాడు, అలవాటైపోయింది.

సెలవుల్లో ఏం చెయ్యాలో బస్సులో కూర్చునే ఖాయం చేసుకుంది. పొద్దెక్కేదాకా పడుకోవాలి. జుట్టుకి పట్టిన వెన్న వాసన పోయేదాకా తలస్నానం చెయ్యాలి. తర్వాత కాళ్ళు బారజాపుకుని, ఎవరికీ ఏమీ అందించకుండా, ఊరికే కూర్చోవాలి.

ఇంటికొచ్చి తలుపు తీసేసరికి ముందుగదిలో గోడకి గోడంత టీవీ ఉంది.

దాని పక్కన ఆమె భర్త స్టూలెక్కి, టీవీ అంచు మీద రసమట్టం పెట్టి, ఒక కన్ను మూసి నీటి బుడగకేసి చూస్తున్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఇంట్లో మేకు కొట్టినా లిఫ్టు పట్టా బిగించినంత తిన్నగా ఉండాలి ఆయనకి.

"ఎలా ఉంది?" అన్నాడు స్టూలు దిగుతూ. "నీకు సెలవులని తెలిసి ఇవాళే పట్టుకొచ్చా. శబ్దానికి వేరే పెట్టె కూడా ఉంది చూడు. నువ్వు అమ్మకి ఇన్నాళ్ళూ చెప్పిన సినిమాలన్నీ ఇక అమ్మ కళ్ళారా చూస్తుంది."

సోఫాలో అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని సిద్ధంగా కూర్చుని ఉంది. మొహం దీపంలా వెలిగిపోతోంది.

"ఏమే అమ్మాయ్, ముందు రాజుల సినిమా పెడదామా, రైలు సినిమా పెడదామా?"

అక్క గుండెల్లో రాయి పడింది.

ఎందుకు పడిందంటే, ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్క సినిమా కూడా చూడలేదు. కౌంటరు గోడకి ఇవతల, తెర గోడకి అవతల. ఎదురుగా అద్దాల గదిలో మేనేజరు. ఆట నడుస్తున్నంతసేపూ ఆమె ఇంటర్వెల్‌కని మొక్కజొన్న వేయించాలి, కప్పులు పేర్చాలి, బండ తుడవాలి. ఒక్క అడుగు పక్కకి వేస్తే మేనేజరు అద్దం మీద వేలితో టకటకా కొట్టేవాడు. సెలవురోజు వచ్చిందంటే మళ్ళీ ఆ భవనం మొహం చూడబుద్ధయ్యేది కాదు.

కానీ చెవులకి అడ్డేముంది? గోడవతల దడదడలాడితే యుద్ధం. ఈలలు పడితే హీరో వచ్చాడు. అందరూ ముక్కులు చీదుతుంటే ఎవరో పోయారు. ఇన్నాళ్ళకి అక్క చెవులు ఎంత రాటుదేలాయంటే, వాయిద్యాల ఊపుని బట్టి ఇంటర్వెల్ పడబోతోందని ముందే పసిగట్టి కప్పులు నింపడం మొదలుపెట్టేది.

అత్తగారేమో ఒకప్పుడు కొత్త సినిమా వస్తే మొదటి రోజు మొదటి వరసలో ఉండాల్సిన మనిషి. తుంటికి ఆపరేషన్ అయ్యాక హాలు మెట్లెక్కలేక మానేసింది. కొడుకు ఊళ్ళో లిఫ్టులన్నీ బాగుచేస్తాడు గానీ, ఆ హాలుకి అసలు లిఫ్టే లేదు. ఆపరేషన్ అయిన కొత్తలో ఓ సాయంత్రం అక్క ఇంటికి రాగానే, "ఇవాళ ఏం సినిమా వేశారే? కథేంటి?" అని అడిగింది. అక్కకి కాళ్ళు పీకేస్తున్నాయి. 'నాకేం తెలుసు అత్తయ్యా' అనబోయింది. కానీ మంచం మీంచి ఆ కళ్ళు ఎంత ఆశగా చూశాయంటే, అక్క మంచం అంచున కూర్చుండిపోయింది.

"ఓ రాజకుమారుడుంటాడు అత్తయ్యా" అని మొదలుపెట్టింది.

చెవిన పడ్డ చప్పుళ్ళని గుర్తుచేసుకుంటూ, వాటి మధ్య ఖాళీల్ని తన సొంత బుర్రతో పూడ్చుకుంటూ చెప్పుకుపోయింది. చెప్పడం అయ్యేసరికి అత్తగారు దిండు తడిపేసింది. మర్నాడు మళ్ళీ అడిగింది. అలా అలా అదో అలవాటైపోయింది. మెకానిక్కుకి అనుమానమే రాలేదు. ఆయన హాలుకి వెళ్ళినా దీపాలు ఆర్పగానే గుర్రు పెడతాడు, సినిమాలో ఎవరు బతికారో ఎవరు చచ్చారో ఆయనకీ తెలియదు.

ఇప్పుడు గోడ మీద టీవీ నల్లగా నిగనిగలాడుతోంది. అడ్డంగా దొరికిపోయే రోజు రానే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే అక్క రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి పంచదార డబ్బా వెనక దాచింది. అత్తగారు కాసేపు వెతికి, గోడ గడియారంలోవి పీకించి రిమోట్‌లో వేసింది. "టైముతో మనకేం పని, సెలవులేగా" అంది.

కాసేపటికి అక్క, నెట్ రావట్లేదంది. పనికి బయల్దేరుతున్న మెకానిక్కు చేతిలో సంచి కింద పెట్టి, టీవీ వెనక వంగి చూసి, "ఈ వైరు ఎలా ఊడింది? నేను గట్టిగానే బిగించానే" అని తల గోక్కుంటూ మళ్ళీ బిగించాడు.

"ఆ యుద్ధాల చప్పుడికి మీకు తలనొప్పి వస్తుందేమో అత్తయ్యా" అంది అక్క ఆఖరి ప్రయత్నంగా. "చక్కగా ఏ వంటల కార్యక్రమమో చూద్దామా?"

"వంట రోజూ చూస్తూనే ఉన్నా. రాజుల సినిమా పెట్టు" అంది అత్తగారు. ఒళ్ళో రెండు చేతిరుమాళ్ళు మడిచి పెట్టుకుంది. "ఏనుగు చచ్చిపోయేటప్పుడు ఒకటి చాలదు."

ఆ ఏనుగు సంగతి చెప్పాలి. అక్క చెప్పిన రాజుల సినిమాలో దేశం వదిలి పోయిన రాజకుమారుడికి చిన్నప్పటి నుంచీ తోడున్న ఏనుగొకటి ఉంటుంది. చివర్లో శత్రువు కోట తలుపు ఎంతకీ విరగదు. అప్పుడా ఏనుగు ఎవరూ చెప్పకుండానే ముందుకొచ్చి, తలుపుకి నుదురు ఆనించి తోస్తుంది. పైనుంచి బల్లేలు పడుతున్నా వెనక్కి తగ్గదు. తలుపు విరుగుతుంది. ఏనుగు మోకాళ్ళ మీద కూలి, ఆఖరిసారిగా ఘీంకరించి కన్నుమూస్తుంది. అక్క చెప్పిన కథలన్నిటిలోకీ అత్తగారికి ఇదంటే ప్రాణం. మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది.

సినిమా మొదలైంది. కొత్త శబ్దాల పెట్టె ధర్మమా అని కిటికీ అద్దాలు కూడా వణికాయి. అక్క మొదట్లో కుక్కిన పేనులా మూల కూర్చుంది గానీ, కాసేపటికి తన భయం తానే మర్చిపోయింది. ఎంత పెద్ద కోట! ఎన్ని గుర్రాలు! గోడవతల తనకి వినబడిన టపటపలన్నీ ఇవా! వర్షమనుకున్నది బాణాలు. చప్పట్లనుకున్నది పావురాలు. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

అత్తగారు మాత్రం ఏనుగు కోసం చూస్తోంది. రాజకుమారుడు అడవిలోకి వెళ్ళినప్పుడు, "ఇదిగో, ఇక్కడే దొరుకుతుంది" అంది. దొరకలేదు. నది దాటుతుంటే, "ఆ చెట్ల వెనకాల ఉందేమో చూడవే" అంది. చెట్ల వెనకాల చెట్లే ఉన్నాయి.

చివరికి కోట ముట్టడి వచ్చింది. ఎక్కడినుంచో చెవులు చిల్లులు పడేలా ఘీంకారం వినబడింది. అత్తగారు చేతిరుమాలు అందుకుంది. తెర మీద ఒక గడ్డంవాడు బురుజెక్కి మనిషంత పొడుగు కొమ్ముబూర ఊదుతున్నాడు. ఆ తర్వాత ఎవరో తలుపుకి నిప్పంటించారు. అది కాలి ధనామని పడిపోయింది. సినిమా అయిపోయింది.

అత్తగారు చేతిరుమాలు మడత విప్పలేదు.

"ఏనుగేదే?"

"టీవీకని కోసేసుంటారు అత్తయ్యా" అంది అక్క, తెర మీద కదులుతున్న పేర్ల వంకే చూస్తూ. "నిడివి ఎక్కువైపోయిందని."

"అంత మంచి ఏనుగునా? వీళ్ళ చేతులు పడిపోను."

మర్నాడు రైలు సినిమా. అక్క కథలో విలను టికెట్ కలెక్టర్ కవల తమ్ముడు. తెర మీద టికెట్ కలెక్టర్ ఒక్కడే. వాడికి తమ్ముడు కాదు గదా, రెండో డైలాగే లేదు. అక్క కథలో హీరో చివర్లో "అమ్మా!" అని అరిచింది చనిపోయిన తల్లిని తలుచుకుని. తెర మీద ఇంజను గొట్టం తగిలి చెయ్యి కాలి అరిచాడు. తల్లి స్టేషన్లో నిక్షేపంలా ఎదురుచూస్తోంది.

"ఇందులో తమ్ముణ్ణి కూడా కోసేశారా?" అంది అత్తగారు.

"అయ్యుంటుంది అత్తయ్యా."

"చచ్చిపోయిన తల్లిని మళ్ళీ బతికించి అతికించారా?"

అక్క మంచినీళ్ళు తాగాలని వంటింట్లోకి వెళ్ళింది.

ఆ మర్నాడు ఆకాశంలోంచి కొండంత బండ భూమి మీద పడబోయే సినిమా. ఆ సినిమా ఆడినప్పుడు గోడవతల మధ్యలో చాలాసేపు చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. ఇంత పెద్ద సినిమాలో ఇంతసేపు నోరు మూసుకున్నారంటే అది ప్రేమే అయ్యుంటుందని అక్క తీర్మానించింది. వ్యోమగామి, డాక్టరమ్మ కళ్ళల్లో కళ్ళు పెట్టి చూసుకున్నారని, మాటలే లేవని అత్తగారికి చాలా అందంగా చెప్పింది.

ఆ నిశ్శబ్దం రానే వచ్చింది. తెరంతా చీకటి. అందులో భూమి మీంచి పంపిన ఒక మర మెల్లగా తిరుగుతూ పోతోంది. మనిషన్నవాడు లేడు. గాలే లేని చోట చప్పుడెక్కణ్ణుంచి వస్తుంది?

అత్తగారు టీవీ ఆపేసి, రిమోట్ ఒళ్ళో పెట్టుకుంది.

"అమ్మాయ్. ఆ డాక్టరమ్మ ఆ మర లోపల ఉందా?"

"లేదు అత్తయ్యా."

"నా కళ్ళల్లోకి చూసి చెప్పు. వీటిల్లో ఏది చూశావు నువ్వు?"

ఇక తన పప్పులుడకవని అక్కకి అర్థమైంది. "ఏదీ చూడలేదు అత్తయ్యా. నా కౌంటరు గోడకి ఇవతల కదా. వినబడిందే వినబడింది, మిగతాది కల్పించా."

 ఇక తిట్లు తప్పవనుకుంది. అత్తగారు నెమ్మదిగా కళ్ళజోడు తీసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని అక్క కంగారుగా దగ్గరికి జరిగింది. తీరా చూస్తే ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"ఓసి నీ అఘాయిత్యం కూలా! నెల్లాళ్ళు ఏడిపించావు కదే లేని ఏనుగు కోసం!"

అక్కకి పోయిన ప్రాణం లేచొచ్చింది. కానీ అత్తగారి నవ్వు ఎంత హఠాత్తుగా వచ్చిందో అంత హఠాత్తుగానూ ఆగిపోయింది. చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

"చచ్చాం" అంది.

"ఏమైంది అత్తయ్యా?"

అప్పుడు బయటపడింది అసలు సంగతి. అక్క చెప్పిన కథలన్నీ అత్తగారు అపార్ట్‌మెంట్ కింద బెంచీల దగ్గర అమ్మలక్కలకి చిలవలు పలవలు అల్లి మరీ చెబుతోందట. 'మా కోడలు హాల్లోనే ఉంటుంది, నాకన్నా బాగా తెలిసినవాళ్ళెవరు' అని గొప్పలు కూడాను. పై అంతస్తులో ఒకావిడ ఉంది, టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఆవిడ ఎవరితోనో వెళ్ళి రాజుల సినిమా చూసొచ్చి, అందరి ముందూ, "అందులో ఏనుగెక్కడుంది వదినా?" అందట. "నువ్వు నిద్రపోయుంటావు వదినా" అని అత్తగారు అంతమంది ముందూ గాలి తీసేసిందట. దాంతో ఆపరేటరమ్మ బెంచీల దగ్గరికి రావడం మానేసింది. వర్షాలు మొదలైనప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. లిఫ్టులో ఎదురుపడితే ఒకరు పైకీ, ఒకరు కిందకీ చూస్తారు.

"పోనీలెండి అత్తయ్యా, ఏనుగు లేదని మనకీ తెలిసిపోయిందని ఆవిడకెలా తెలుస్తుంది?" అంది అక్క.

సరిగ్గా అప్పుడు కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీస్తే ఎదురుగా ఆపరేటరమ్మే. ఇస్త్రీ మడత నలగని బట్టలు, వెనక్కి బిగించి దువ్విన జుట్టు, చేతిలో ఏమీ లేదు. అంటే చక్కెర కోసమో పాల కోసమో రాలేదన్నమాట.

"మొన్న రాజుల సినిమా పెట్టుకున్నట్టున్నారు" అంది గుమ్మంలోంచే, అక్కని దాటి అత్తగారిని చూస్తూ. "మా ఇంట్లోకి మొత్తం వినబడింది. ఏనుగు కనబడిందా వదినా?"

అక్క అత్తగారి వంక చూసింది. అయిపోయింది, ఒప్పేసుకుంటుంది అనుకుంది.

అత్తగారు కన్నయినా ఆర్పలేదు. "కనబడకేం? ఎదురుగా కనబడింది" అంది.

"అయితే నాకూ చూపించు."

"రేపు మధ్యాహ్నం రా. టీ తాగుతూ చూద్దాం."

తలుపు మూసి అక్క దానికి చేరగిలబడింది. "అత్తయ్యా! ఏనుగుని ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"తేవక్కర్లేదు. ఏనుగొచ్చే టైముకి కరెంటు పోతుంది" అంది అత్తగారు. ఆ మొహంలో అంత అల్లరి అక్క ఇంతకుముందెప్పుడూ చూడలేదు. "పాత టీవీ రోజుల్లో కరెంటు పోయొచ్చేసరికి సగం సినిమా అయిపోయేది, గుర్తులేదూ? చీకట్లో నువ్వు ఏనుగు కథ చెప్పు. కరెంటొచ్చేసరికి ఏనుగు చచ్చిపోయి ఉంటుంది. ఇక ఎవరు మాత్రం ఏం చూపిస్తారు?"

మెకానిక్కు సాయంత్రం ఇంటికొచ్చి ఈ పథకం విని నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, ఇదేమన్నా బాగుందా? నా సెలవురోజున గుమ్మం బయట మెయిన్ స్విచ్ దగ్గర కాపలా కాయాలా?"

"టీవీ ఎవరు తెచ్చారు?" అంది అత్తగారు.

ఆయన లేచి మెయిన్ స్విచ్ చూసి రావడానికి బయటికి నడిచాడు.

మర్నాడు భోజనాలయ్యాక ఆపరేటరమ్మ వచ్చింది, బెంచీల దగ్గరి అమ్మలక్కల్ని ఇద్దర్ని సాక్ష్యానికి వెంటబెట్టుకుని మరీ. తెర బాగా కనబడాలని అక్క కిటికీ పరదాలు దగ్గరికి లాగింది. ఆపరేటరమ్మ సరిగ్గా టీవీకి ఎదురుగా ఉన్న కుర్చీ చూసుకుని, నడుం నిటారుగా పెట్టి కూర్చుంది. రెండు గంటలు అలాగే కూర్చుంది. యుద్ధం వచ్చినా కదల్లేదు, రాజు చచ్చినా కదల్లేదు.

కోట ముట్టడి మొదలైంది. గడ్డంవాడు తెర మీదికి రాకముందే ఘీంకారం వినబడటం మొదలవుతుంది. అదే సంకేతం. అది ఇలా మొదలైందో లేదో, టప్పున టీవీ ఆరిపోయింది. ఫ్యాను తిరగడం మానేసింది. గదంతా చీకటి.

"అయ్యో, సరిగ్గా ఇప్పుడే పోవాలా!" అంది అత్తగారు. ఆ బాధ వింటే ఎవరికైనా నిజమే అనిపిస్తుంది. "పోనీ ఏం జరిగిందో నువ్వు చెప్పవే అమ్మాయ్."

అక్క గొంతు సవరించుకుంది. ఒక్క మనిషికి తప్ప ఆమె ఎప్పుడూ కథ చెప్పి ఎరగదు. మొదటి మాటలు తడబడ్డాయి. తర్వాత చీకట్లో ఎవరి మొహాలూ కనబడకపోవడంతో ధైర్యమొచ్చింది. పైగా ఇప్పుడామె ఆ కోటని చూసింది. ఆ తలుపెంత ఎత్తో, దాని మేకులు ఎంతెంత ఉన్నాయో చూసింది. ఏనుగు ఆ తలుపు ముందుకొచ్చి నిలబడటం, రాజకుమారుడు వద్దు వద్దని గుర్రం మీంచి దూకి పరిగెత్తుకు రావడం, అది ఒక్కసారి వెనక్కి తిరిగి అతని తల మీద తొండం ఆనించి మళ్ళీ తలుపు వైపు తిరగడం, ఇవన్నీ పాత కథలో లేవు, అప్పటికప్పుడు వచ్చాయి. బల్లేలు పడ్డాయి. చెక్క పెళపెళమంది. ఏనుగు ముందుకాళ్ళు వంచింది. ఎవరో ముక్కు చీదారు. అక్క ఆ చప్పుడు గుర్తుపట్టింది. ఇన్నేళ్ళూ గోడవతల నుంచి విన్న చప్పుడే. ఇప్పుడది తన పక్కనుంచి, తన మాటలకి వస్తోంది. 

కథ అయిపోయింది. కరెంటు మాత్రం రాలేదు.

ఎంతకీ రాకపోయేసరికి అత్తగారు గట్టిగా దగ్గింది. మళ్ళీ దగ్గింది. అక్క లేచి వెళ్ళి తలుపు తీసింది. గుమ్మం బయట మెకానిక్కు మెయిన్ స్విచ్ మీద చెయ్యేసి, తలుపుకి చెవి ఆనించి ఉన్నవాడల్లా ఒక్కసారి తూలి ముందుకి పడబోయాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సినిమాలో నిద్రపోని మనిషికి కళ్ళు తడిగా ఉన్నాయి. "పాపం కదా అది" అన్నాడు. అక్క కళ్ళెర్రజేసింది. అప్పటికి గుర్తొచ్చి స్విచ్ పైకెత్తాడు.

ఫ్యాను తిరిగింది. టీవీ వెలిగింది. తెర మీద పెద్ద పెద్ద అక్షరాలు వచ్చాయి.

'ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచే చూస్తారా?'

అత్తగారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. పాత టీవీ రోజులు పోయి చాలా కాలమైందని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

"అవును అని నొక్కమ్మా" అంది ఆపరేటరమ్మ చల్లగా.

అక్క ఇంకేం చేస్తుంది? నొక్కింది. ఘీంకారం మళ్ళీ మొదలైంది. గడ్డంవాడు బురుజెక్కాడు. బుగ్గలు పూరీల్లా ఉబ్బించి బూర ఊదాడు. అందరూ చూశారు. తలుపు కాలింది, పడింది. అందరూ చూశారు. పేర్లు వచ్చాయి. అమ్మలక్కలిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క నేలకేసి చూస్తూ నిలబడింది.

ముందు మాట్లాడింది అత్తగారే. "లేదు వదినా. ఏనుగు లేదు. నువ్వు నిద్రపోలేదు. నేనే తప్పు" అంది. ఆవిడ అలా ఒప్పుకోవడం కొడుకే ఎన్నడూ చూడలేదు, గుమ్మంలో అలాగే నిలబడిపోయాడు.

ఆపరేటరమ్మ కళ్ళజోడు తీసి అద్దాలు తుడుచుకుంది. అవి ఎందుకు తడిశాయో ఎవరూ అడగలేదు.

"కరెంటు పోయినప్పుడే తెలిసింది నాకు" అంది. "బయట లిఫ్టు పైకీ కిందకీ తిరుగుతూనే ఉంది. ఊరందరి గొంతులూ వైర్లలో విని బతికినదాన్ని, లిఫ్టు చప్పుడు వినబడదా? ఏమయ్యా, లిఫ్టులు బాగుచేస్తావు, ఆ మాత్రం తట్టలేదూ నీకు?"

మెకానిక్కు తేలు కుట్టిన దొంగలా గోడ చాటుకి జరిగాడు.

"మరి అప్పుడే అనకపోయావా?" అంది అత్తగారు.

"అంటే కథ ఆగిపోదూ?" అని ఆపరేటరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. కాసేపు తటపటాయించింది. తర్వాత అక్క వైపు తిరిగింది. "అమ్మాయ్, రైలు సినిమాలో టికెట్ కలెక్టరుకి కవల తమ్ముడున్నాడా?"

"లేడు పిన్నిగారూ."

"బండ పడే సినిమాలో డాక్టరమ్మ?"

"ఉంది గానీ... ప్రేమ లేదు."

"హతోస్మి" అంది ఆపరేటరమ్మ.

ఆవిడ బాల్కనీ బెంచీలకి సరిగ్గా పైనే ఉంటుంది. కోపంతో కిందికి దిగడం మానేసింది గానీ, రోజూ సాయంత్రం బాల్కనీలో బట్టలు తీస్తున్నట్టు నిలబడి, అత్తగారు చెప్పే ప్రతి కథా పొల్లుపోకుండా వింటోందట. విన్నది విన్నట్టు ఫోన్లో చెల్లెలికి చెబుతోందట. చెల్లెలు వాళ్ళ ఆఫీసులో అందరికీ చెబుతోందట.

"ఆరిన బట్టల్ని మళ్ళీ తడిపి ఆరేసిన రోజులున్నాయి వదినా, నీ కథ అవ్వకపోతే" అంది.

ముందుగా అత్తగారికే నవ్వాగలేదు. తర్వాత ఆపరేటరమ్మకి. ఆ నవ్వుల్లో టీ సంగతి ఎవరికీ గుర్తులేదు. గుర్తొచ్చి పెట్టేసరికి అమ్మలక్కలిద్దరూ బిగ్గరగా వాదించుకుంటున్నారు, ఏనుగు చచ్చిపోకుండా ఉంటే బాగుండేదని ఒకావిడ, చచ్చిపోతేనే అందమని ఇంకొకావిడ. అది సినిమాలో లేనే లేదని ఇందాకే కళ్ళారా చూశామన్న జ్ఞాపకమే ఇద్దరికీ లేదు.

ఆ రోజు నుంచి సెలవులు అయ్యేదాకా మధ్యాహ్నమైతే చాలు, ముందుగది నిండిపోయేది. ఎవరి కుర్చీ వాళ్ళే తెచ్చుకునేవాళ్ళు. తెర మీద కార్లు ఎగిరేవి, వంతెనలు కూలేవి, ఇళ్ళంత అలలు లేచేవి. ప్రతి పేలుడికీ అత్తగారు చప్పట్లు కొట్టేది. సినిమాలో ఎవరైనా ఫోను చేస్తే ఆపరేటరమ్మ ఊరుకునేది కాదు, "అంత గొడవలో లైను అంత స్పష్టంగా రాదు, అబద్ధం" అనేది. మెకానిక్కు పని నుంచి త్వరగా వచ్చి, చివరి కుర్చీలో కూర్చుని, ఎప్పట్లాగే నిద్రపోయేవాడు.

సెలవుల ఆఖరి రోజున సముద్రంలోంచి రాక్షసి లేచే సినిమా పెట్టారు. ఇది అక్క పనిచేసే హాలుకి రానే లేదు, గోడవతల నుంచి ఒక్క చప్పుడు కూడా ఆమె వినలేదు. అక్క నేల మీద దిండు వేసుకుని, కాళ్ళు బారజాపుకుని పడుకుంది. ఆపరేటరమ్మ కోసి తెచ్చిన ఆపిల్ ముక్కల గిన్నె పొట్ట మీద పెట్టుకుంది. ఓడ కెప్టెన్ చేతిలో దీపం పట్టుకుని అడుగు గదిలోకి ఒంటరిగా దిగుతున్నాడు. నీళ్ళు కారుతున్న చప్పుడు. గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు.

అత్తగారు సోఫా మీంచి కాలితో అక్క భుజం పొడిచింది. "ఏమే, వీడు చస్తాడా?"

"నాకేం తెలుసు అత్తయ్యా? నేనూ ఇప్పుడే కదా చూడటం."

"ఊరికే చెప్పవే. నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది?"

అందరూ అక్క వైపు తిరిగారు. అక్క ఆపిల్ ముక్క నములుతూ చెవి రిక్కించి, కళ్ళు చికిలించి, కాసేపు చాలా గంభీరంగా ఆలోచించింది.

"చావడు. రాక్షసి వీడి చిన్నప్పటి స్నేహితురాలు. గుర్తుపట్టి వదిలేస్తుంది" అంది.

ఆ మాట నోట్లోంచి ఇంకా పూర్తిగా రాకముందే రాక్షసి తలుపు బద్దలుకొట్టుకుని వచ్చి, కెప్టెన్‌ని దీపంతో సహా గుటుక్కున మింగేసింది.

గదంతా కేకలు. ఎవరో కుషను తీసి అక్క మీదికి విసిరారు. గిన్నె దొర్లి ఆపిల్ ముక్కలు నేల పాలయ్యాయి. మెకానిక్కు ఉలిక్కిపడి లేచి, "ఏమైంది? కరెంటు పోయిందా?" అన్నాడు. అక్క కుషన్‌ని పొట్టకి అదుముకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వుతూ, "ఉండండి ఉండండి, మాట్లాడకండి, చూడనివ్వండి" అంటూ తెర వైపు దొర్లింది.